గణిత మిత్రుడు పాల్ ఎర్డోష్

హంగేరీ దేశ రాజధాని బుడాపెస్ట్‌లో విశాలమైన నగరోద్యానం ఒకటి ఉంది. ఆ ఉద్యానంలో ఒక కంచు విగ్రహం. ముఖం కనిపించకుండా తలపై ముసుగు కప్పుకొని, చేత కలం ధరించి కూర్చున్న రచయిత విగ్రహమది. హంగేరీ జాతి తొలినాటి చరిత్రను లాటిన్ భాషలో రచించి, తన పేరు మాత్రం చెప్పుకోని ఒక మధ్యయుగ చరిత్రకారుని స్మృత్యర్థం శిల్పి మిక్లోష్ లిగెటి దానిని మలిచాడు. 1903లో ప్రతిష్ఠితమైన ఆ విగ్రహాన్ని జనం ‘అనామకుడు’ అని పిలుచుకుంటారు. 1930వ దశకం ఆరంభంలో ఆ అనామకుని సన్నిధిలో కొందరు యువతీయువకులు తరచుగా సమావేశమయ్యేవారు. వారిది పేరు నమోదైన సంఘం కాదు. రుసుము లేదు, అధ్యక్షుడు లేడు, పరీక్ష లేదు, పట్టా అంతకన్నా లేదు. ఒకరు ఒక ప్రశ్న వేసేవారు, తక్కినవారు ఆలోచించేవారు. ఆదివారాలలో నగరం చుట్టూ ఉన్న కొండలలో నడుస్తూ అదే ప్రశ్నను మళ్ళీ తిరగవేసేవారు. ఆ బృందంలోని సన్నని యువకుడే ఇరవయ్యో శతాబ్దపు గణితవేత్తలలో అగ్రగణ్యుడైన పాల్ ఎర్డోష్.

ఎర్డోష్ 1913 మార్చి 26న బుడాపెస్ట్‌లో జన్మించాడు. తండ్రి లాయోష్, తల్లి అన్నా ఇద్దరూ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయులు. వారికి అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి అయిదేళ్ళు, చిన్నమ్మాయికి మూడేళ్ళు. తల్లి ప్రసవానికి ఆసుపత్రిలో ఉన్న ఆ కొద్ది రోజులలోనే విషజ్వరం వంటి అంటువ్యాధి సోకి ఆ ఇద్దరు పిల్లలూ మరణించారు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. సైన్యంలో చేరిన తండ్రి రష్యనులకు బందీగా చిక్కి, సైబీరియాలో ఆరేళ్ళు గడిపాడు. మిగిలిన ఒక్క బిడ్డను పోగొట్టుకుంటానేమోనన్న భయంతో తల్లి అతనిని చాలాకాలం బడికి పంపనేలేదు. ఇంట్లోనే చదువు. తల్లి పాఠశాలకు వెళ్ళిన వేళల్లో ఆ బాలునికి అంకెలే ఆటవస్తువులయ్యాయి. ఇంటికి వచ్చిన అతిథి వయసు అడిగి, ఆయన ఎన్ని సెకన్లు జీవించాడో లెక్కగట్టి చెప్పేవాడు. వందలోనుంచి రెండువందల యాభై తీసివేస్తే సున్నాకు దిగువన నూట యాభై వస్తుందని నాలుగేళ్ళ వయసులో తనంతట తానే గ్రహించాడు.

ఒంటరితనంలో పెరిగిన ఆ పిల్లవానికి తోటి పిల్లల పరిచయం కలిగించినది ఒక పత్రిక. హంగేరీలో 1894 నుండి ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం ఒక గణిత మాసపత్రిక వెలువడుతున్నది. అందులోని సమస్యలను సాధించి పంపిన విద్యార్థుల పేర్లు, ఏడాది చివర వారి ఛాయాచిత్రాలు అచ్చయ్యేవి. ఎర్డోష్, పాల్ తురాన్, టిబోర్ గల్లాయ్ వంటివారు ఒకరినొకరు కలుసుకోకముందే ఆ పుటలలో ఒకరికొకరు ఎరుకైనవారు. పోటీ పడినవారే కాలక్రమంలో ప్రాణమిత్రులయ్యారు.

ఆనాటి హంగేరీలో యూదుల పరిస్థితి దుర్భరంగా ఉండేది. విశ్వవిద్యాలయాలలో వారి సంఖ్యను పరిమితం చేస్తూ 1920లో ఒక చట్టం వచ్చింది. జాతీయ స్థాయి పరీక్షలో విజేత కావడం వలన ఎర్డోష్‌కు 1930లో ప్రవేశం లభించింది. ఒకటి కంటె పెద్దదైన ఏ సంఖ్యకైనా దానికీ దాని రెట్టింపుకూ నడుమ కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉంటుందన్న చెబిషేవ్ సిద్ధాంతానికి పసిపిల్లలకు సైతం నచ్చజెప్పగలిగినంత సరళమైన ఉపపత్తిని విద్యార్థి దశలోనే కనుగొన్నాడు. ఇంతటి ప్రతిభ ఉన్నా, చదువు ముగిశాక స్వదేశంలో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఆయనకు గాని, ఆయన మిత్రులలో అధికులకు గాని లేదు. అనామకుని చెంతకు చేరిన ఆ బృందం నేర్చినది జీవనోపాధి కోసం కాదు. ఆ సంగతి గుర్తుంచుకొంటేనే వారి ఉల్లాసం విలువ అర్థమవుతుంది.

వారిలో పలువురికి గ్రాఫ్ సిద్ధాంతంలో అక్షరాభ్యాసం చేయించినవాడు డేనెష్ కోనిగ్. ఆయన బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడే, 1902లో, గణిత వినోదాలపై ఒక పుస్తకం ప్రకటించిన సరసుడు. ఇక్కడ గ్రాఫ్ అంటే గళ్ళ కాగితంపై గీసే వక్రరేఖ కాదు. కొన్ని బిందువులు, వాటిలో కొన్నింటిని జతలుగా కలిపే గీతలు, అంతే. బిందువులను ఊళ్ళనుకుంటే గీతలు బాటలవుతాయి. మనుషులనుకుంటే గీతలు స్నేహాలవుతాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే మహాగణితవేత్త ఈ శాస్త్రానికి అంకురార్పణ చేశాడు. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో నదిపై ఏడు వంతెనలుండేవి. ఒక్కొక్క వంతెనను ఒక్కసారే దాటుతూ అన్నింటినీ చుట్టిరావడం సాధ్యమా అన్నది ఆ ఊరివారి ప్రశ్న. నడుమ తగిలే ప్రతి చోటికీ ఒక వంతెన మీదుగా చేరినవాడు మరొక వంతెన మీదుగా వెడలిపోవాలి. కనుక బయలుదేరిన చోటు, ఆగిన చోటు తప్ప తక్కిన అన్నిచోట్లా వంతెనల సంఖ్య సరిసంఖ్య కావాలి. ఆ పట్టణంలోని నాలుగు భూభాగాలకూ బేసి సంఖ్యలో వంతెనలున్నాయి. కాబట్టి అది అసాధ్యమని ఆయిలర్ తేల్చాడు.

బాటలకు అంతం లేకుండా, అనంతంగా విస్తరించిన వలలో ఇటువంటి నడక ఎప్పుడు సాధ్యమవుతుంది? ఈ ప్రశ్నను పట్టుకున్నవాడు బృందంలో చిన్నవాడైన ఎండ్రే వాజోన్యి. అతని తండ్రికి పాదరక్షల దుకాణం ఉండేది. పద్నాలుగేళ్ళ వాజోన్యిని చూడాలని పదిహేడేళ్ళ ఎర్డోష్ ఆ దుకాణానికి వెళ్ళి, కుశలప్రశ్నలైనా లేకుండా ఒక నాలుగంకెల సంఖ్య చెప్పమని అడిగాడట. చెప్పగానే దాని వర్గాన్ని నోటితోనే గణించాడు. ఆ పరిచయం అలా మొదలైంది. అనంత గ్రాఫ్‌లపై ఎర్డోష్, గల్లాయ్, వాజోన్యి ముగ్గురి పేర్లతోనూ పరిశోధన పత్రం వెలువడింది. కోనిగ్ తన ఉపన్యాసాలను విస్తరించి 1936లో జర్మన్ భాషలో ప్రకటించిన గ్రంథం గ్రాఫ్ సిద్ధాంతంలో మొట్టమొదటి పాఠ్యగ్రంథంగా ప్రసిద్ధికెక్కింది.

కోనిగ్ సాధించిన ఒక ఫలితం నేటి కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులకు చిరపరిచితమే. కొందరు పనివారు, కొన్ని పనులు ఉన్నాయి. ప్రతివాడూ అన్ని పనులూ చేయలేడు. వీలైనంత ఎక్కువమందికి పని అప్పగించడం ఎలా? పని దొరకని ఒకడు తాను చేయగల పనిని కోరుతాడు. అది అప్పటికే మరొకనిది. ఆ మరొకడు తాను చేయగల వేరొక పనికి మారవలసివస్తుంది. అదీ ఇంకొకనిదైతే అతడూ మారాలి. ఈ గొలుసు ఎక్కడో ఒక ఖాళీ పనిని తాకితే అందరూ ఒక మెట్టు జరుగుతారు, మొదటివానికి చోటు దొరుకుతుంది. అటువంటి గొలుసు ఏదీ మిగలనప్పుడు అంతకన్న మంచి పంపకం లేదని నిశ్చయించవచ్చు. కోనిగ్, అతని దేశీయుడైన ఎగెర్వారి చేసిన కృషిని ఆధారం చేసుకొని అమెరికన్ గణితవేత్త హెరాల్డ్ కూన్ 1955లో పనుల పంపకానికి ఒక అల్గారిథమ్ రూపొందించాడు. ఎగెర్వారి వ్యాసాన్ని చదవడానికి ఆయన నిఘంటువు, వ్యాకరణం ముందు పెట్టుకొని హంగేరియన్ భాషతో కుస్తీ పట్టాడు. కృతజ్ఞతగా దానికి ‘హంగేరియన్ పద్ధతి’ అని పేరు పెట్టాడు.

అనామకుని బృందానికి పేరు తెచ్చిన ప్రశ్న మాత్రం ఒక యువతి వేసినది. 1932–33 శీతాకాలంలో ఎస్తేర్ క్లైన్ మిత్రుల ముందు ఒక విషయం ఉంచింది. సమతలంలో ఏ మూడూ ఒకే సరళరేఖపై లేకుండా అయిదు బిందువులు పెడితే, వాటిలో ఏవో నాలుగు తప్పక ఒక కుంభాకార చతుర్భుజానికి శీర్షాలవుతాయి. అయిదు మేకులు కొట్టి వాటి చుట్టూ రబ్బరు పట్టీని బిగించినట్లు ఊహిస్తే దీని ఉపపత్తి తేలికగా తెలుస్తుంది. పట్టీ నాలుగు మేకులను గాని, అయిదింటిని గాని తాకితే వాదమే లేదు. మూడింటినే తాకితే లోపల రెండు మిగులుతాయి. ఆ రెండింటి గుండా గీసిన రేఖకు ఒకవైపున త్రిభుజపు రెండు శీర్షాలుంటాయి. లోపలి రెండు, ఆ శీర్షాలు రెండు కలిస్తే కావలసిన చతుర్భుజం సిద్ధం. మరి కుంభాకార పంచభుజికి ఎన్ని బిందువులు కావాలి? షడ్భుజికి? ఏ బహుభుజికైనా ఇన్ని చాలునన్న హద్దు ఒకటి ఉందా?

ఆ ప్రశ్న అడిగినది ఎస్తేర్ కావడం వలన దానిపై అందరికన్న ఎక్కువ పట్టుదల చూపినవాడు జార్జ్ సెకరెష్. చదివినది రసాయన ఇంజనీరింగు. కొద్ది వారాలలోనే అటువంటి హద్దు ఉన్నదని నిరూపించాడు. నిరూపణ కోసం అతడు ఆశ్రయించిన సూత్రాన్ని అప్పటికి కొద్దికాలం ముందే ఆంగ్లేయుడు ఫ్రాంక్ రామ్సే కనుగొని ఉన్నాడు. ఆ సంగతి తెలియక సెకరెష్ దానిని మళ్ళీ కనిపెట్టాడు. ఆ సూత్రానికి అతి చిన్న ఉదాహరణ ఒక విందు. ఆరుగురు అతిథులున్నచోట పరస్పరం పరిచయమున్న ముగ్గురో, పరస్పరం పరిచయం లేని ముగ్గురో ఉండి తీరుతారు. ఒక అతిథిని తీసుకుంటే తక్కిన అయిదుగురిలో కనీసం ముగ్గురు అతనికి తెలిసినవారో, తెలియనివారో అవుతారు. తెలిసినవారే ముగ్గురున్నారనుకుందాం. వారిలో ఏ ఇద్దరికి పరిచయమున్నా అతనితో కలిపి ముగ్గురవుతారు. ఎవరికీ లేకపోతే ఆ ముగ్గురే పరస్పరం అపరిచితులు. రెండో సందర్భంలోనూ వాదం ఇటువంటిదే. ఎంతటి గందరగోళంలోనైనా ఏదో ఒక క్రమం దాగి ఉండక తప్పదన్న ఈ భావన ఎర్డోష్‌ను జీవితాంతం వెన్నాడింది. ఇద్దరూ కలిసి రాసిన పత్రం 1935లో అచ్చయింది. 1937లో ఎస్తేర్, సెకరెష్ వివాహం చేసుకున్నారు. అందుకే ఎర్డోష్ ఆ ప్రశ్నకు ‘సుఖాంత సమస్య’ అని నామకరణం చేశాడు.

బృందానికి మాత్రం అటువంటి సుఖాంతం దక్కలేదు. 1934లో డాక్టరేటు పొందిన ఎర్డోష్ ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు వెళ్ళాడు. ఏడాదికి కొన్ని పర్యాయాలు ఇంటికి వచ్చిపోయేవాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించిన తరువాత ఆ రాకపోకలూ ప్రమాదకరమయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరులో దేశం విడిచి అమెరికా చేరాడు. సెకరెష్ దంపతులు షాంఘైకి తరలిపోయారు. వాజోన్యి పారిస్ మీదుగా అమెరికాకు వెళ్ళాడు. యూదు పేరు కనిపించకుండా ఉండటానికి అతని కుటుంబం వైస్‌ఫెల్డ్ అన్న ఇంటిపేరును మార్చుకున్నది. అనేక ఊళ్ళకు దూరాల మొత్తం కనిష్ఠమయ్యే చోటును కనుగొనే పద్ధతిని అతడు 1937లో పాత పేరుతోనే ప్రకటించి ఉండటం వలన అది నేటికీ వైస్‌ఫెల్డ్ అల్గారిథమ్‌గానే వ్యవహారంలో ఉంది. విడిచిన పేరే శాస్త్రంలో నిలిచింది!

హంగేరీలో ఉండిపోయిన తురాన్‌ను నిర్బంధ శ్రమ శిబిరాలకు పంపారు. పగలంతా కాయకష్టం. అటువంటి రోజులలోనే అతడు గ్రాఫ్ సిద్ధాంతంలో ఒక మౌలికమైన ప్రశ్న వేసుకున్నాడు. ఏ కొందరూ అందరికందరూ పరిచితులు కాకుండా ఉండాలంటే గరిష్ఠంగా ఎన్ని పరిచయాలు ఉండవచ్చు? దానికి సమాధానమైన సిద్ధాంతం 1941లో అచ్చయింది. ఒక గణితశాఖకు అది పునాది. 1944లో ఒక ఇటుకల కర్మాగారంలో తురాన్ పనిచేశాడు. ప్రతి బట్టీ నుండి ప్రతి నిల్వ ఆవరణకూ పట్టాలు వేసి ఉండేవి. ఇటుకల బండిని నెట్టుకుపోతుంటే పట్టాలు ఒకదానినొకటి దాటే చోట బండి ఎగిరిపడి ఇటుకలు దొర్లిపోయేవి. అప్పుడు అతనికి కష్టం కంటె ప్రశ్నే ముందు తోచింది. ఇన్ని బట్టీలకు, ఇన్ని ఆవరణలకు ఈ దాటే చోట్లు కనిష్ఠంగా ఎన్ని ఉండాలి? ఆ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానం ఇప్పటికీ లభించలేదు.

ఆ 1944 అక్టోబరులోనే హంగేరీ నాజీలు అధికారం చేజిక్కించుకున్నారు. కొద్ది రోజులకే, అక్టోబరు 19న, డేనెష్ కోనిగ్ తన ప్రాణాలు తానే తీసుకున్నాడు. అనామకుని చెంత కూర్చున్నవారిలో గేజా గ్రూన్‌వాల్డ్ వంటివారు యుద్ధకాలపు హింసకు బలైపోయారు. ఎర్డోష్ తండ్రి 1942లో గుండెపోటుతో మరణించాడు. బంధువులలో అనేకులు నాజీల చేతిలో హతులయ్యారు. తల్లి మాత్రం బ్రతికి బయటపడింది. ఎర్డోష్ 1948 డిసెంబరులో బుడాపెస్ట్‌కు వచ్చి, పదేళ్ళ తరువాత తల్లిని, మిగిలిన మిత్రులను చూసుకున్నాడు.

ఆ తరువాత ఆయన ఎక్కడా స్థిరపడలేదు. ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, శాశ్వతమైన ఉద్యోగం లేదు. దుస్తులు, కాగితాలు పట్టే చిన్న పెట్టెతో దేశదేశాలు తిరిగాడు. ఏదో ఒక గణితవేత్త ఇంట దిగి, కొన్నాళ్ళు కలిసి పనిచేసి, మరొక ఊరికి సాగిపోయేవాడు. ఒక ఉద్యానంలో మొదలైన గోష్ఠిని ఆయన భూగోళమంతటికీ విస్తరింపజేశాడని చెప్పవచ్చు. దాదాపు 1,500 పత్రాలు, 500కు పైగా సహరచయితలు! 1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన మహాసభకు వెళితే తిరిగి రానివ్వబోమని అమెరికా అధికారులు చెప్పినా ఆయన వెనుదీయలేదు. ఫలితంగా తొమ్మిదేళ్ళపాటు ఆ దేశపు ద్వారాలు ఆయనకు దాదాపుగా మూసుకుపోయాయి.

ఈ సంచార జీవితంలో మరొక కోణమూ ఉంది. వంట, బట్టల ఉతుకు, ప్రయాణపు ఏర్పాట్లు, డబ్బు లెక్కలు ఏవీ ఆయనకు చేతకావు. ఆ భారమంతా మిత్రులు మోశారు. ముఖ్యంగా వారి ఇళ్ళలోని స్త్రీలు మోశారు. తెల్లవారకముందే లేచి ఆతిథేయుని నిద్ర లేపి సమస్య చెప్పే అతిథిని భరించడం అందరికీ సులభం కాదు. ఆయన స్వేచ్ఛకు ఇతరులు మూల్యం చెల్లించారనడం నిష్ఠురమైనా నిజం. అయినా ఆయన మళ్ళీ వస్తే తలుపు తెరవనివారు అరుదు.

మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ రేన్యితో కలిసి 1959, 1960లలో ఎర్డోష్ యాదృచ్ఛిక గ్రాఫ్‌ల అధ్యయనానికి బాట వేశాడు. నేలపై వెయ్యి బొత్తాములు చల్లి, కళ్ళు మూసుకొని ఏవో రెండింటిని దారంతో కలుపుతూ పోతున్నట్లు ఊహించవచ్చు. మొదట చిన్న చిన్న గుంపులే ఏర్పడతాయి. దారాల సంఖ్య బొత్తాములలో సగాన్ని, అంటే సుమారు అయిదువందలను, దాటే వేళకు అకస్మాత్తుగా ఒక పెద్ద గుంపు తలెత్తుతుంది. అంటురోగాల వ్యాప్తిని, ఇంటర్‌నెట్ వంటి వలలను అధ్యయనం చేసేవారు నేడు ఈ నమూనాతోనే శ్రీకారం చుడతారు.

పిల్లలంటే ఆయనకు అమితమైన ప్రేమ. గణితంలో అతి స్వల్ప పరిమాణానికి వాడే ఎప్సిలాన్ అన్న గ్రీకు అక్షరంతో పిల్లలను పిలిచేవాడు. 1959లో బుడాపెస్ట్‌లో పన్నెండేళ్ళైనా నిండని లాయోష్ పోషా అనే బాలునితో కలిసి భోజనానికి కూర్చున్నాడు. ఒకటి నుండి నూరు వరకు గల సంఖ్యలలో ఏ యాభై ఒకటి ఎంచుకున్నా, వాటిలో ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేని జంట ఉంటుందని చూపమన్నాడు. బాలుడు సూపు తాగుతూనే అర నిమిషంలో సమాధానం చెప్పాడు. యాభై ఒకటి ఎంచుకుంటే పక్కపక్క సంఖ్యలు రెండు రాక తప్పవు. పక్కపక్క సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు. అంతే! ఎర్డోష్ ఆనాటి నుండి ఆ బాలునికి సమస్యలు పంపుతూ వచ్చాడు. కొద్ది ఏళ్ళలోనే పోషా గ్రాఫ్ సిద్ధాంతంలో తన పేర నిలిచిపోయిన ఫలితాన్ని సాధించాడు. తరువాత పిల్లలకు గణితం నేర్పడంలోనే జీవితాన్ని వినియోగించాడు.

భారతదేశంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. శ్రీనివాస రామానుజన్ ఫలితాలను ఎర్డోష్ యౌవనంలోనే చదివి ముగ్ధుడయ్యాడు. మన దేశంలో ఇచ్చిన ఉపన్యాసాలకు లభించిన సొమ్మును, తానెన్నడూ చూడని రామానుజన్ భార్య జానకి అమ్మాళ్‌కు అందజేయించాడు. 1975 జనవరిలో కలకత్తా నుండి ఆస్ట్రేలియాకు వెళ్ళవలసిన ఆయన దారి మార్చుకొని మద్రాసులో దిగాడు. కారణం ఒక డిగ్రీ విద్యార్థి రాసిన ఉత్తరం. ఆ విద్యార్థి పేరు అల్లాడి కృష్ణస్వామి. నెల్లూరు జిల్లా పుదూరులో జన్మించి, భారత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కు అతడు మనుమడు. ఆ పరిచయం ఇద్దరి పేర్లతో పరిశోధన పత్రం వెలువడేదాకా సాగింది. విద్యార్థి తరువాతి కాలంలో సంఖ్యాశాస్త్రంలో ప్రసిద్ధ ఆచార్యుడయ్యాడు.

సొంత ఆస్తిపై ఎర్డోష్‌కు మమకారం లేదు. ఇజ్రాయెల్ వారి వుల్ఫ్ బహుమతి కింద లభించిన 50,000 డాలర్లలో 720 మాత్రం ఉంచుకొని, తక్కిన దానిని విద్యార్థి వేతనానికి ఇచ్చివేశాడు. తాను సాధించలేకపోయిన సమస్యలకు మాత్రం కొద్ది డాలర్ల నుండి వేల డాలర్ల వరకు పారితోషికాలు ప్రకటించేవాడు. సుఖాంత సమస్య అందులో ఒకటి. చతుర్భుజానికి 5, పంచభుజికి 9 బిందువులు చాలునని తెలుసు. షడ్భుజికి 17 చాలునని ఎర్డోష్, సెకరెష్ ఊహించారు. నిరూపించలేకపోయారు.

1996 సెప్టెంబరు 20న, పోలండ్ రాజధాని వార్సాలో గణిత సదస్సుకు వెళ్ళి ఉండగా, ఎర్డోష్ గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు ఎనభై మూడేళ్ళు. అస్థికలను బుడాపెస్ట్‌లో తల్లిదండ్రుల సమాధి చెంతనే ఉంచారు. షాంఘై నుండి 1948లో ఆస్ట్రేలియాకు చేరి అక్కడే స్థిరపడిన సెకరెష్, ఎస్తేర్ దంపతులు 2005 ఆగస్టు 28న అడిలైడ్ నగరంలో, గంట వ్యవధిలో ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. షడ్భుజికి 17 బిందువులు చాలునని కంప్యూటర్ సహాయంతో నిరూపించిన పత్రం మరుసటి ఏడాది, 2006లో, అచ్చయింది. దాని రచయితలు ఇద్దరు. ఒకరు లిండ్సే పీటర్స్, రెండోవారు జార్జ్ సెకరెష్. సప్తభుజికి 33 బిందువులు చాలునన్నది ఇంకా ఊహగానే ఉంది.